‘బాగానే ఉన్నాం’ అంటే వరుసలో వెనక్కే

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు రోగిగా ఉన్న మనిషికి నీళ్లలో దించే తోడు లేదు. ప్రతిసారీ ఇంకొకరు ముందుగా దిగిపోయేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో మేధో వైకల్యం, ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు ఇలాంటి వరుసలోనే ఉన్నారు. వారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

అక్కడ మెడికెయిడ్ కింద పెద్దవారికి నర్సింగ్ హోమ్ సంరక్షణ ప్రతి రాష్ట్రం ఇచ్చి తీరాలి. ఇంట్లోనే ఉంచి చూసుకునే సేవలు మాత్రం 1981 నుండి ‘వేవర్’ల ద్వారా, ఉన్న ఖాళీల మేరకే దొరుకుతాయి. అందుకే ఈ వరుస.

దాన్ని ‘పన్స్’ అంటారు. ముందు పేరు రాయించుకున్నంత మాత్రాన ముందు రాదు. 6 నెలల్లోపు సేవ కావాలంటే అత్యవసరం, 2 ఏళ్లలోపు అయితే క్రిటికల్, 2 నుండి 5 ఏళ్లలో అయితే ప్లానింగ్. కోఆర్డినేటర్ కుటుంబాన్ని అడిగి రాసుకునేదే ఆధారం.

మా భయం ఇక్కడే. “ఎలా ఉన్నారమ్మా?” అంటే “దేవుని కృప, బాగానే ఉన్నామండి” అనడం మనకు అలవాటు. గుడిలో అది సాక్ష్యం, ఆ ఫారంలో అది ‘ప్లానింగ్’. డెబ్బై ఏళ్ల తండ్రి ఎదిగిన కొడుకును లేపి స్నానం చేయించలేకపోతున్నాడని, తల్లికి రాత్రిళ్లు నిద్ర లేదని చెప్పడం అవిశ్వాసం కాదు. పరిస్థితి మారితే ఫారం మళ్లీ రాయించమని అడగవచ్చు. దానికి ముందు ఒక నెలపాటు ఏ రాత్రి ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాసిపెట్టాలి. తల్లికి తీరిక లేకపోతే సంఘంలో ఎవరైనా పక్కన కూర్చుని రాయవచ్చు.