తాకితే పలకాలి... మన అక్షరంలో పలకాలి
వెబ్‌సైట్ల రూపకల్పనలో కంటికి కనిపించని కసరత్తు

టోలిచౌకి: గోల్కొండ కోట ప్రవేశద్వారం గుమ్మటం కింద నిలిచి చప్పట్లు చరిస్తే, ఆ చప్పుడు కొండపైనున్న బాలాహిస్సార్‌ వరకు వినిపిస్తుంది. కింద అలికిడైతే పైవారికి తెలియాలన్న ఆలోచనను నాటి నిర్మాతలు రాతిలో సాధించారు. కోటకు సమీపంలోని టోలిచౌకికి ఒకవైపు సినీ పరిశ్రమకు నెలవైన ఫిల్మ్‌నగర్, మరోవైపు ఐటీ సంస్థలు కొలువుదీరిన గచ్చిబౌలి ఉన్నాయి. ఈ రెండు రంగాలకూ నేడు అవసరమైన వెబ్ డిజైనర్లు చేస్తున్నదీ దాదాపు చప్పట్ల ఏర్పాటు వంటిదే. తెరపై వేలు తాకగానే అవతలి నుంచి జవాబు రావాలి. అది ఆలస్యం కాకూడదు. అర్థం కాకుండా పోకూడదు.

చదివి ముందుకు సాగే పుటలకు, అడిగితే బదులిచ్చే వెబ్‌సైట్లకు ఉన్న తేడా ఇదే. రంగులు అద్ది బొమ్మలు పేర్చడమే రూపకల్పన అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి ఈ సృజనలో అధిక భాగం కంటికి కనిపించని చోట సాగుతుంది. తెలుగు పాఠకుడి కోసం చేసే సైట్లలో అది మరింత కీలకం. అంతా పూర్తయ్యాక చివర్లో తెలుగును అతికిస్తే సైటు తడబడుతుంది. తొలి గీత నుంచే తెలుగును దృష్టిలో పెట్టుకుంటే నిలబడుతుంది.

గోడపత్రిక నుంచి తెరపైకి...
తెలుగునాట చూపరులను ఆకట్టుకునే రూపకల్పనకు సినిమా గోడపత్రికే పెద్ద బడి. బాపు దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘సాక్షి’తో ప్రచార రంగంలోకి ప్రవేశించిన ఈశ్వర్, 2021లో కన్నుమూసేనాటికి ఎన్నో చిత్రాలకు బొమ్మలు, పేర్లు గీసి తనదైన ముద్ర వేశారు. చిత్రం పేరును ఎలా రాస్తే కథ స్వభావం తెలుస్తుందో ఆ తరం చిత్రకారులకు కరతలామలకం. అయితే గోడపత్రిక తాను చెప్పదలచుకున్నది చెప్పి ఊరుకుంటుంది. వెబ్‌సైటుకు ఆ వెసులుబాటు లేదు. చూసేవారు ఏం చేస్తారో ముందే ఊహించి, ప్రతి చర్యకూ ఒక జవాబు సిద్ధంగా ఉంచాలి.

2000 దశకంలో సినిమా సైట్లకు ‘ఫ్లాష్’ ప్రధాన సాధనంగా ఉండేది. 1996లో వెలువడిన ఈ సాంకేతికతతో బొమ్మలు కదిలేవి, పాటలు మోగేవి, పేర్లు మెరుపులతో ప్రత్యక్షమయ్యేవి. ఐఫోన్‌లో ఫ్లాష్‌ను ఎందుకు అనుమతించడం లేదో వివరిస్తూ 2010 ఏప్రిల్‌లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశారు. చివరకు 2020 డిసెంబరు 31తో అడోబ్ సంస్థ దానికి మద్దతు నిలిపివేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆ దృశ్యాలు కనిపించకుండా చేసింది. దాంతో ఆ తరహా సైట్లలోని ఏళ్లనాటి శ్రమ ఒక్కసారిగా మూగబోయింది. గోడపత్రిక చిరిగినా ముక్క మిగులుతుంది. సాధనం ఆగితే వెబ్‌సైటులో అదీ మిగలదు. ఏ ఒక్క సంస్థకో చెందిన సాధనంపై ఆధారపడకుండా, అన్ని బ్రౌజర్లూ అంగీకరించిన ప్రమాణాలతోనే సైట్లను నిర్మించాలన్న పాఠాన్ని డిజైనర్లు దీన్నుంచి నేర్చుకున్నారు.

ముందు ప్రశ్నలు... తర్వాతే రంగులు
రూపకల్పన ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. టోలిచౌకిలో ఫంక్షన్‌హాళ్లు అనేకం. వాటిలో ఒకదాని యజమాని తేదీలు బుక్ చేసుకునే సైటు కావాలని అడిగారనుకుందాం. మొదటి పుటలో షాండ్లియర్ల ఫొటో పెద్దదిగా ఉండాలన్నది ఆయన కోరిక. పెళ్లి కుదిరిన ఇంటివారు సైటు తెరిచేది మాత్రం ఒకే ప్రశ్నతో... ‘ఆ రోజుకు హాలు ఖాళీగా ఉందా?’ తర్వాత ఎంతమంది పడతారు, వంటశాల ఎలా ఉంది, వాహనాలు ఎక్కడ నిలపాలి, అడ్వాన్సు ఎంత, రద్దు చేసుకుంటే తిరిగి ఎంత ఇస్తారు అన్నవి వరుస కడతాయి. ఈ ప్రశ్నల క్రమమే సైటుకు వెన్నెముక. ఫొటో అందం తెస్తుంది గానీ దారి చూపదు. యజమాని కోరికకు, వచ్చేవారి అవసరానికి నడుమ రాజీ కుదర్చడమే డిజైనర్ తొలి పని.

ఇక్కడే మన ఆచారాలూ ఎదురవుతాయి. బుధవారం అర్ధరాత్రి దాటాక 2.30 గంటలకు ముహూర్తం ఉంటే శుభలేఖలో ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం’ అని వేయించడం తెలుగువారి అలవాటు. క్యాలెండర్ లెక్కలో అప్పటికే గురువారం వచ్చేసింది. ఇస్లామీయ పద్ధతిలోనైతే కొత్త రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. విదేశీ నమూనా చూసి చేసిన తేదీల పట్టికలో ఒక గడి అంటే ఒక రోజు. ఆ గడిలో మన పెళ్లి ఇమడదు. కుటుంబం ఒక రోజు అనుకుని, సైటు మరో రోజు నమోదు చేస్తే నష్టపోయేది అడ్వాన్సు ఒక్కటే కాదు, ముహూర్తం కూడా.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. తేదీతోపాటు గంటలనూ ఎంచుకునే వీలుండాలి. డబ్బు చెల్లించడానికి ముందు ‘బుధవారం సాయంత్రం 4 నుంచి గురువారం ఉదయం 10 వరకు’ అని ఒక పూర్తి వాక్యం తెరపై కనిపించాలి. ఈ ఒక్క వాక్యం పుట్టాలంటే డిజైనర్ కంప్యూటర్ ముందు నుంచి లేచి, పెళ్లిళ్లు కుదిర్చే పెద్దలతోనూ హాలు గుమస్తాతోనూ మాట్లాడాలి.

కాగితంపై గీతలు
సమాచారం చేతికందాక పని కాగితం, పెన్సిల్‌తో మొదలవుతుంది. ఏది పైన, ఏది కింద, ఏది నొక్కితే ఎటు వెళ్తుంది అన్నవి గడులుగా గీస్తారు. దీన్ని వైర్‌ఫ్రేమ్ అంటారు. ఈ దశలో రంగులు ఉండవు. గీత తప్పితే చెరిపేయడానికి నిమిషం చాలు. అదే తప్పు ప్రోగ్రామ్‌గా మారాక దిద్దాలంటే రోజులు పడుతుంది.

ఇందులోనూ కొలతలున్నాయి. లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే దాన్ని చేరేందుకు అంత ఎక్కువ సమయం పడుతుందని అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రీకరించారు. కంప్యూటర్ మౌస్ లేని రోజుల నాటి ఆ సూత్రం నేటి ఫోన్ తెరలకూ వర్తిస్తోంది. తాకే బటన్ వెడల్పు, ఎత్తు కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్, 48 యూనిట్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ‘ఖరారు’, ‘రద్దు’ బటన్లు పక్కపక్కనే ఇరుకుగా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పెద్ద తెరకు, చిన్న ఫోనుకు వేర్వేరు సైట్లు చేసే అవస్థ కూడా తగ్గింది. తెరను బట్టి పుట తనంతట తానే సర్దుకునే పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ప్రతిపాదించారు. అదిప్పుడు సర్వత్రా ఆచరణలో ఉంది.

వత్తుల వద్ద అసలు పరీక్ష
ఆంగ్లంలో చక్కగా కుదిరిన పుటలో తెలుగు పెట్టగానే చిక్కులు బయటపడతాయి. మన అక్షరాలకు పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు వస్తాయి. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడమే ఉంచితే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. ‘బుక్’ అన్న చిన్న మాటకు కొలిచిన బటన్‌లో ‘ఈ తేదీని ఖరారు చేసుకోండి’ అన్నది పట్టదు. అందుకే అనుభవమున్నవారు నమూనా దశలోనే అసలైన తెలుగు వాక్యాలు వాడతారు.

కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరం ఒక ముద్ద కాదు, సంకేతాల వరుస. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికి శ, పొల్లు, ర, ఈత్వం... మొత్తం 4 సంకేతాలు. అక్షరాల సంఖ్యకు పరిమితి పెట్టేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే పేర్లు మధ్యలో తెగిపోతాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో కూడిన ఒక తెలుగు సంకేత వరుస ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను స్తంభింపజేసింది. అది ఉన్న సందేశం తెరవగానే యాప్‌లు కుప్పకూలాయి. అదే నెల 19న యాపిల్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే పట్టుబడని లోపం చిన్న సైట్లలో ఉండదన్న భరోసా లేదు. పరీక్షించడమే మార్గం.

ఒకప్పుడు ఈ కష్టం మరో రూపంలో ఉండేది. 2000 దశకం ఆరంభంలో తెలుగు సైట్లలో చాలావరకు సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరపై అర్థంలేని గుర్తులు కనిపించేవి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు ‘గౌతమి’ ఫాంటు వచ్చాకే సామాన్యుల కంప్యూటర్లలో దాని వాడుకకు దారి ఏర్పడింది. తర్వాత ఆ దశకంలోనే వచ్చిన ‘లేఖిని’ వంటి ఉపకరణాలతో ఆంగ్ల మీటలపైనే తెలుగు రాయడం సులువైంది. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు నేడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అక్షరాలు లేవన్న సాకు ఇక చెల్లదు.

కుడి నుంచి ఎడమకు...
టోలిచౌకి వంటి ప్రాంతంలో ఉర్దూను విస్మరించలేం. తెలంగాణలో ఉర్దూను రెండో అధికార భాషగా 2017లో రాష్ట్రమంతటికీ విస్తరించారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. మాటలు మార్చితే సరిపోదు, పుట మొత్తాన్ని అద్దంలో చూసినట్లు తిప్పాలి. ‘తర్వాత’ అని సూచించే బాణం గుర్తు ఎడమకు తిరగాలి. అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే సాగుతాయి. గడియారం బొమ్మను తిప్పకూడదు. ఉర్దూవారికి ప్రియమైన నస్తాలిక్ లిపి ఏటవాలుగా కిందికి దిగుతుంది కనుక దానికి తెలుగు కంటే ఎక్కువ ఎడం కావాలి. ఈ రెండు లిపులనూ దృష్టిలో పెట్టుకుని పుట గీస్తే ఆంగ్లం అందులో ఇట్టే ఒదిగిపోతుంది.

సెకనులో పదో వంతు
బటన్ నొక్కాక 0.1 సెకనులోపు మార్పు కనిపిస్తే మనిషికి వెంటనే జరిగినట్లు తోస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు మరోచోటికి మళ్లుతుంది. వాడుక సౌలభ్యంపై కృషి చేసిన జేకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో వివరించిన ఈ హద్దులనే డిజైనర్లు నేటికీ పాటిస్తున్నారు. చెల్లింపు పూర్తయ్యేందుకు సమయం పట్టేచోట ‘మీ సొమ్ము అందుతోంది, మళ్లీ నొక్కవద్దు’ అన్న మాట కనిపించాలి. ఆ మాట లేకుంటే కంగారులో రెండోసారి నొక్కేవారుంటారు. కదిలే బొమ్మలకు అసలు ప్రయోజనం ఇదే. అవి అలంకారం కాదు, పని జరుగుతోందన్న కబురు.

చూపు మందగించినవారినీ మరువరాదు. అక్షరానికి, వెనుక రంగుకు మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తెల్లని తెరపై లేత బూడిద రంగు రాతలు ఆ పరీక్షలో తప్పుతాయి. తెలుగు వాక్యాలను బొమ్మగా పెడితే చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ వాక్యాలను చదవలేదు. ఎలక్ట్రానిక్ సమాచారం దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టం చేస్తోంది.

ఐదుగురు చాలు
నమూనా సిద్ధమయ్యాక దాన్ని కొత్తవారి చేతిలో పెట్టి, పక్కన మౌనంగా కూర్చుని గమనించడం చివరి ఘట్టం. ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలోని లోపాల్లో అత్యధికం బయటపడతాయని నీల్సన్ 2000లో సూచించారు. ఆ ఐదుగురూ ఐటీ ఉద్యోగులే కాకూడదు. తెలుగు మాత్రమే చదవగలిగిన గృహిణి, ఉర్దూ తెలిసిన వ్యాపారి, కళ్లద్దాలు లేనిదే చూడలేని పెద్దాయన అందులో ఉండాలి. వారు తడబడినచోట ‘మీకు రాదు’ అనుకుంటే పరీక్ష వృథా. సైటుకు రాదని గ్రహించడమే డిజైనర్ వినయం.

ఈ నేర్పును మోసానికి వాడేవారూ లేకపోలేదు. ‘ఇంకా 2 నిమిషాలే’ అంటూ లేని తొందర పెట్టడం, అడగని వస్తువును బిల్లులో చేర్చడం వంటి 13 రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. వేలు ఎక్కడ పడుతుందో తెలిసినవాడే దాన్ని పక్కదారి పట్టించగలడు. అందుకే ఈ వృత్తిలో నైపుణ్యంతోపాటు నిజాయతీనీ చూడాలి.

చేయించుకునేవారు అడగాల్సినవి
* తెలుగు, ఉర్దూ వాక్యాలతో నమూనా చూపారా?
* రాతలు యూనికోడ్‌లో ఉన్నాయా, బొమ్మలుగా ఉన్నాయా?
* తక్కువ ధర ఫోనులో, నెమ్మది నెట్‌లో తెరిచి చూశారా?
* డబ్బు చెల్లించే ముందు వివరమంతా ఒక వాక్యంలో కనిపిస్తోందా?
* పరిచయం లేనివారితో పరీక్షించారా?
* డిజైనర్ మారినా సైటు నడిచేలా ఫైళ్లు, సంకేతపదాలు యజమానికి అప్పగించారా?

వీటిలో ఏదీ భారీ ఖర్చుతో కూడినది కాదు. తొలి రోజునే అడిగితే కాగితంపై దిద్దుకోవచ్చు. పెళ్లి ముందు రోజు తెలిస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు.