జనగణనలో ‘ఇతరులు’: పదమును బట్టి సంఖ్య

2011 భారత జనగణనలో స్త్రీ, పురుష సంకేతములతోబాటు ‘ఇతరులు’ అను మూడవ సంకేతము కలదు. దాని క్రింద 4,87,803 మంది, అనగా సుమారు 2,480 మందికొకరు నమోదైరి. ఇది ట్రాన్స్‌జెండరుల సంఖ్య యనుట పొరపాటు. తన్ను స్త్రీగా చెప్పుకొనిన ట్రాన్స్‌జెండరు స్త్రీ ఆ గడిలోనే చేరును. మరియు ‘ఇతరుల’లో 54,854 మంది ఆరేండ్లలోపు పిల్లలు, వారి సమాధానము పెద్దలు చెప్పినదే.

కెనడా 2021లో పుట్టుకనాటి లింగమును, ప్రస్తుత గుర్తింపును వేర్వేరుగ నడిగినది. పదునైదేండ్లు నిండినవారిలో సుమారు 300 మందికొకరు ట్రాన్స్‌జెండరులు, లేదా స్త్రీపురుష విభాగములలో ఇమడనివారు అని తేలినది. ఈ యెనిమిదింతల వ్యత్యాసమునకు కారణమును జనులలో వెదకుటకు ముందు ప్రశ్నలో వెదకవలెను.

లెక్కకు రానివారు సంక్షేమ పథకములలోను కనబడరు. కావున ఆ వ్యక్తులు తమకు తాము చెప్పుకొను పేర్లను ప్రతి భారతీయ భాషనుండియు సేకరించి, ప్రశ్నను కూర్చుటకు తోడ్పడుట భాషాపరిశోధకుల కర్తవ్యము.