కరెంటు పోయినప్పుడు పాడిన పాట

డిసెంబరు వచ్చిందంటే విజయవాడ నుండి దివిసీమ దాకా కేరల్స్ బృందాలు బయలుదేరతాయి. ఈమధ్య ముందు సౌండ్ బాక్సుల ఆటో, వెనుక విశ్వాసులు. ట్రాక్ పాడుతుంది, సంఘం చప్పట్లు కొడుతుంది.

వాద్యాలు లేకున్నా సంఘమంతా కలిసి పాడగలిగినదే మంచి క్రిస్మస్ పాట అంటాము. 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ దేవాలయంలో ‘సైలెంట్ నైట్’ మొదటిసారి పాడినప్పుడు తోడున్నది ఒక్క గిటారే. పురుషోత్తమ చౌదరి గారు మన రాగతాళాల్లోనే కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైనే రాగం, తాళం అచ్చయి ఉంటాయి (ఇప్పుడు స్కేలు తప్ప అడిగేవారు లేరు!). చదువురాని మామ్మలు చరణాలన్నీ కంఠతా పాడేవారు.

మాకు ఇష్టమైన రికార్డింగు స్టూడియోలో చేసింది కాదు. అవనిగడ్డ వైపు ఒక పల్లెలో క్రిస్మస్ ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది. వెనుక నుండి ఒక మామ్మగారు పల్లవి ఎత్తుకుంటే సంఘమంతా అందుకుంది. ఎవరో ఫోనులో రికార్డు చేశారు. శ్రుతి రెండుచోట్ల తప్పింది. ఏటా అదే వింటున్నాము.