మూతికి గుడ్డ - సభకు తాళం

అంటురోగం వచ్చినప్పుడు ఇంటి కట్టుబాటు వేరు, ఊరి కట్టుబాటు వేరు. ఇంట్లో పెద్దవారు "ముక్కుకు గుడ్డ కట్టుకో నాయనా" అంటే చాలు. ఊరికి ఆ మాట చట్టమై రావాలి. చట్టానికి జరిమానా వుండాలి, జరిమానాకు రసీదు వుండాలి. 2020లో బెంగుళూరు నగరంలో ఆ జరిమానా ఎంత వుండాలనే విషయమై పెద్ద తగవే నడిచింది. కోవిడ్ పోయింది గనుక తగవు కూడా పోయిందనుకుంటే పొరపాటు. అందులో మన కుటుంబాల వారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటి వున్నది.

ముందు జరిగినది చెబుతాము. ఆ వేసవి నుంచి నగరంలో మాస్కు లేకుండా తిరిగితే 200 రూపాయలు జరిమానా. సెప్టెంబరు ఆఖరుకు కర్ణాటకలో రోగం సోకినవారి లెక్క ఆరు లక్షలు దాటింది. అక్టోబరు మొదట్లో ప్రభుత్వం జరిమానాను నగరాలలో 1000, పల్లెలలో 500 చేసింది. జనం గగ్గోలు పెట్టారు. అక్టోబరు 7వ తేదీన దానిని నగరాలలో 250కి, పల్లెలలో 100కి దించారు. పట్టుమని పది రోజులు తిరగక ముందే ఒకే తప్పుకు మూడు ధరలు! దస్త్రాల నడుమ బ్రతికే మా వంటి గుమాస్తాలకు ఇది వింతగానే తోచింది. కచేరీలో అరడజను పెన్సిళ్ళు కొనాలన్నా, ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అని వ్రాయనిదే కాగితం కదలదు గదా!

రెండు పక్షాల మాటలోను న్యాయం లేకపోలేదు. మాస్కు ముఖ్యంగా ఎదుటివారిని కాపాడుతుంది. దగ్గినా, గట్టిగా మాట్లాడినా వెలువడే తుంపరలను అది చాలావరకు ఆపుతుంది. నాకు భయం లేదు, నేను కట్టుకోను అంటే చెల్లదు. ఆ రోజులలో ఒక్క బెంగుళూరులోనే రోజుకు నాలుగు వేలకు పైగా కొత్త కేసులు వస్తూ వుండేవి. స్వల్పమైన జరిమానాకు ఎవరూ జంకరని పెంచమన్నవారు వాదించారు. వద్దన్నవారి మాట వేరు. కారులో పోయేవానికి వెయ్యి రూపాయలు లెక్క కాదు. కృష్ణరాజ మార్కెట్టులో గంప పెట్టుకుని పూలు అమ్మే ఆమెకు అది రెండు మూడు రోజుల గంజి. పైగా జరిమానా వసూలుకు తిరిగిన మార్షళ్ళు మొదట చెత్త పారబోసేవారిని పట్టుకోవడానికి నియమింపబడినవారు. బజారులో వారికీ జనానికీ మాటామాటా పెరగడం నిత్యకృత్యమైంది.

మరి ఈ వాదప్రతివాదాలు ఏ సభలో జరిగాయి? ఏ సభలోనూ కాదు. మహానగర పాలికెకు 198 వార్డులు, 198 మంది కార్పొరేటర్లు వుండేవారు. 2015లో ఎన్నికైన ఆ సభ గడువు 2020 సెప్టెంబరు 10తో ముగిసింది. గడువు తీరక ముందే ఎన్నిక జరగాలని మన రాజ్యాంగం 243-యు అధికరణంలో వున్నది. అయినా జరగలేదు. పాలన అధికారుల చేతికి పోయింది. వెయ్యి రూపాయల ఆజ్ఞ వచ్చిననాటికి సభకు తాళం పడి నెల కూడా కాలేదు. అందుచేత తగవు బజారులోను, పత్రికలలోను, టీవీలలోను నడిచింది.

ఇటువంటి తగవు నూరేళ్ళ కిందట అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోనూ వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినప్పుడు అక్కడ ఎన్నికైన నగర సభ వారు అక్టోబరులో మాస్కు శాసనం చేశారు. జరిమానా 5 డాలర్ల నుంచి 100 డాలర్ల వరకు, లేదా పది రోజుల ఖైదు. నవంబరు 21న దానిని ఎత్తివేశారు. రోగం తిరిగి తల ఎత్తగా 1919 జనవరిలో మళ్ళీ పెట్టారు. గిట్టనివారు మాస్కు వ్యతిరేక సంఘం పెట్టుకుని వేలమందితో సభ చేశారు. ఫిబ్రవరి 1న శాసనం మళ్ళీ పోయింది. అక్కడా గొడవ తక్కువ కాలేదు, తప్పులూ జరిగాయి. కాని ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో ఊరికి తెలుసు. బాక్సింగు పందెం వద్ద మాస్కు లేకుండా కూర్చున్న మేయరు రాల్ఫు గారికే 50 డాలర్లు జరిమానా పడింది! మన వద్ద అదే శరత్కాలంలో ఉప ఎన్నికల ప్రచారాలలో మాస్కులు లేని గుంపులు తిరిగాయి. సామాన్యునికి పడే జరిమానా నాయకులకు ఎందుకు పడదని హైకోర్టు వారు అడగవలసి వచ్చింది.

ఇందులో మనకేమి పని అంటారా? మన వారు ఇక్కడ తరాల నుంచి వుంటున్నారు. కన్నడం మాట్లాడడం అందరికీ వచ్చును. కాని గోడమీద అతికించిన ఉత్తరువు చదువుకోలేని అవ్వలు మన ఇండ్లలో ఇంకా వున్నారు. అటువంటివారికి వార్డు సభ్యుని గుమ్మమే కచేరీ. "అయ్యా, ఈ వెయ్యి ఏమిటి?" అని ఏ భాషలోనైనా అడగవచ్చు. ఓటు అడగడానికి మళ్ళీ వచ్చేవాడు గనుక అతడు జవాబు చెప్పి తీరాలి. బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయే అధికారి ఎంత మంచివాడైనా, అవ్వకు అతని గుమ్మం తెలియదు.

ఆ పాలికె అయిదేండ్లు ఎన్నికైన సభ లేకుండానే గడిపి, 2025 సెప్టెంబరులో అయిదు నగర పాలికెలుగా విడిపోయింది. రోగం మళ్ళీ ఏ రూపాన వస్తుందో ఎవరూ చెప్పలేరు. మాస్కులు బీరువాలో దాచుకుంటే చాలదు. వార్డు ఎన్నిక చిన్నది గదా అని ఆ పూట ఇంట్లో కూర్చోకుండా, మన కుటుంబాలలో ఓటు వున్న ప్రతివారూ, అవ్వలతో సహా, వెళ్ళి ఓటు వేయాలని మా మనవి.