ముందే రాయని కథకు నేపథ్య సంగీతం: పాత్రధారణ ఆటలు – ఉత్తరాంధ్ర కథాగాన సంప్రదాయం

వ్యాససంగ్రహం:
బల్ల చుట్టూ కూర్చుని మాటలతో కథను అల్లుకుంటూ ఆడే పాత్రధారణ ఆటల్లో నేపథ్య సంగీతం వాడటం సాధారణమైంది. ఆ సంగీతం చాలావరకు రికార్డు చేసినది. కథ మాత్రం అప్పటికప్పుడు పుట్టేది. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఉత్తరాంధ్ర జముకుల కథలోని వాద్య సహకారంతో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. జముకుల కథ నుంచి ఈ ఆటలు గ్రహించదగినవి ఏమిటో, గ్రహించకూడనిది ఏమిటో ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: నేపథ్య సంగీతం, పాత్రధారణ ఆటలు, జముకుల కథ, బుర్రకథ, ఆశుకథనం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:
1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను వెలువరించారు. నేటి పాత్రధారణ ఆటలకు అదే మూలం. ఆడేవారిలో ఒకరు కథానిర్వాహకులు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను స్వీకరిస్తారు. నిర్వాహకుడు సన్నివేశాన్ని వర్ణిస్తాడు. తమ పాత్రలు ఏం చేస్తాయో ఆటగాళ్లు చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. ఇక్కడ వేదిక లేదు, ఆహార్యం తప్పనిసరి కాదు, విడిగా ప్రేక్షకులూ లేరు. మాటే సర్వస్వం. ఆ మాట వెనుక సంగీతం ఉండాలా, ఉంటే ఎలా ఉండాలి అన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది గాని, నిజానికి అది కథపై అధికారం ఎవరిది అన్న ప్రశ్న.

2. జముకు చేసే పని:
మాటకు వాద్యం తోడుండటం తెలుగువారికి కొత్త కాదు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ప్రచారంలో ఉన్న జముకుల కథ ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకవైపు చర్మం మూసిన గుల్ల వంటి వాద్యం జముకు. చర్మం మధ్య నుంచి సాగే తంత్రిని బిగిస్తూ, వదులుతూ మీటుతారు. బిగువును బట్టి నాదం హెచ్చుతుంది, తగ్గుతుంది. ప్రధాన కథకుడికి వంతలు తోడుగా ఉంటారు.

కథన దృష్టితో చూస్తే ఈ వాద్యం మూడు పనులు చేస్తుంది. మొదటిది, కథకుడి కాలాన్ని అనుసరించడం: అతడు ఒక వర్ణనను పొడిగిస్తే వాద్యమూ సాగుతుంది, కుదిస్తే అక్కడే ఆగుతుంది. రెండవది, వచనానికి చోటివ్వడం: పాట నడుస్తున్నప్పుడు ముందుకు వచ్చిన నాదం, వచనం మొదలవగానే వెనక్కి తగ్గుతుంది. మూడవది, మలుపును సూచించడం: ఒక ఘట్టం ముగిసి మరొకటి ఆరంభమైందని దరువు మార్పుతోనే శ్రోత గ్రహిస్తాడు. వాద్యకారుడు కథను వింటున్నాడు కనుకనే ఈ మూడూ సాధ్యమవుతున్నాయి.

వాద్యం ఎప్పుడూ నేపథ్యంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. ఇదే ప్రాంతపు తూర్పు భాగవతంలో మద్దెలకు పెద్దపీట. అక్కడ వాద్యమే స్వయంగా ఒక ప్రదర్శన. ఆటకు ఆదర్శం కావలసింది మద్దెల కాదు, జముకు.

3. రెండు కాలాలు, ఒక రికార్డు:
రికార్డు సంగీతం కథను వినదు. దానికి నిర్ణీతమైన నిడివి, నిర్ణీతమైన ఉత్కర్ష ఉంటాయి. ఈ ఇబ్బంది యుద్ధ సన్నివేశాల్లో స్పష్టమవుతుంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదవ కూర్పు ప్రకారం పోరులోని ఒక్కో ఆవృత్తి కథలో సుమారు 6 సెకన్లకు సమానం. పది ఆవృత్తుల పోరు కథాకాలంలో ఒక్క నిమిషమే. కాని ప్రతి ఆటగాడూ ఆలోచించి, పాచిక వేసి, ఫలితం లెక్కించేసరికి అదే పోరు బల్ల దగ్గర గంటసేపు సాగవచ్చు. మూడు నిమిషాల ఉద్రేకపూరిత సంగీతం కథాకాలానికి సరిపోతుంది గాని కథనకాలానికి సరిపోదు. అదే పనిగా తిప్పి వినిపిస్తే ఉద్రేకం పోయి విసుగు మిగులుతుంది.

కథకుడు ఒక్క కత్తివేటును ఎంతసేపైనా వర్ణించగలడు. అప్పుడు దరువు నడిచేది కత్తి వేగంతో కాదు, వర్ణన వేగంతో. నిర్వాహకుడు గ్రహించవలసిన మొదటి సూత్రం ఇదే. పోరుకు కూడా వేగం తక్కువగా, ఉత్కర్ష లేకుండా, ఆద్యంతాలు తెలియకుండా తిరిగే బాణీయే మేలు. తీవ్రతను పెంచే పని మాటకు వదలాలి.

4. మాటకు అడ్డు రాని నాదం:
హల్లుల స్పష్టతకు తోడ్పడే ధ్వని చాలావరకు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. గాత్రం, వయొలిన్, వేణువు అదే పరిధిలో ప్రబలంగా వినిపిస్తే మాట మసకబారుతుంది. మంద్రంగా, తక్కువ స్థాయిలో వినిపించే శ్రుతి వల్ల ఆ ఇబ్బంది తక్కువ.

సాహిత్యం ఉన్న పాటతో మరో చిక్కు ఉంది. తెలిసిన భాషలోని మాటలు వినిపిస్తే మనసు వాటివైపు మళ్లుతుంది. తెలుగువారి బల్ల దగ్గర సినిమా పాటను వాద్యాలపై వాయించినా, శ్రోత మనసులో ఆ పాట మాటలు, తెరపై చూసిన దృశ్యం మెదులుతాయి. అప్పుడు ఆటగాడు ఉన్నది తన కథలో కాదు, ఆ సినిమాలో.

భావసంకేతాలు కూడా సంస్కృతిని బట్టి నేర్చుకున్నవే. నీలాంబరి జోలకు, ముఖారి శోకానికి, అఠాణా వీరానికి అన్న సంప్రదాయ పరిచయం ఉన్నవారికి ఆ రాగాలు అర్థవంతమైన సూచనలు; లేనివారికి కేవలం స్వరాలు. పాశ్చాత్య సంగీతపు సంకేతాలకూ ఇదే వర్తిస్తుంది. కనుక ఎంపికకు ప్రమాణం బల్ల చుట్టూ కూర్చున్నవారి శ్రవణానుభవమే.

5. తెలిసిన కథ, తెలియని కథ:
పోలిక ఇక్కడితో ఆగాలి. బుర్రకథగా బొబ్బిలి యుద్ధాన్ని వింటున్న శ్రోతకు 1757లో ఆ కోట ఏమైందో ముందే తెలుసు. కాబట్టి వాద్యం రాబోయే విషాదాన్ని ముందుగా ధ్వనింపజేసినా నష్టం లేదు. పైగా అది రసపోషకం. పాత్రధారణ ఆటలో ముగింపు నిర్వాహకుడికి కూడా తెలియదు. అక్కడ సంగీతం ముందుగా పలికితే అది సూచన కాదు, ఆజ్ఞ. అపరిచితుడు గుమ్మంలో అడుగుపెట్టగానే రణభేరి మోగితే, అతడితో మాట్లాడాలా, తలపడాలా అన్న నిర్ణయం ఆటగాళ్ల చేతుల్లోంచి జారిపోతుంది.

ఊహాత్మకంగా ఒక ఆటను విశాఖపట్నం రేవులో నెలకొల్పుదాం. 1933లో మొదలైన ఆ ఓడరేవు సహా నగరంపై 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆటగాళ్లు ఆనాటి రేవు కూలీలు, గుమాస్తాలు, పడవవాళ్లు. చరిత్ర తెలిసిన ఆటగాడికి ఆ తేదీ తెలిసినా, అతడి పాత్రకు తెలియదు. విమానాలు కనబడకముందే భయానక సంగీతం మొదలైతే ఆటగాడి జ్ఞానం పాత్రలోకి చొరబడుతుంది; కూలీ కారణం లేకుండానే పరుగు తీస్తాడు. దానికి బదులు పాత్రలకూ వినబడే ధ్వనులనే వినిపించవచ్చు: అలల హోరు, ఓడ కూత, గొలుసుల చప్పుడు. ఇది కథాంతర్గత ధ్వని. ఆటగాడికీ పాత్రకూ సమానంగా అందుతుంది గనుక ఎవరి నిర్ణయాన్నీ హరించదు. ఆపై ఆ ధ్వనులన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దం చేసే పని ఏ వాద్యబృందమూ చేయలేదు. అప్పుడు ఆటగాళ్లు తలెత్తి, ఏం జరిగిందని అడుగుతారు. కథ అక్కడి నుంచి వారి మాటతోనే కదులుతుంది.

6. ముగింపు:
పై పరిశీలన ఆధారంగా కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. జముకుల కథలోని మూడు గుణాలను, అంటే కాలాన్ని అనుసరించడం, మాటకు చోటివ్వడం, మలుపును గుర్తించడం అన్నవాటిని, నిర్వాహకుడు రికార్డు సంగీతంలో ప్రయత్నపూర్వకంగా తిరిగి కల్పించాలి. పదుల సంఖ్యలో బాణీలు పోగుచేయడం కంటే ప్రశాంతత, ప్రయాణం, ఉద్విగ్నత వంటి మూడు నాలుగు స్థితులకు ఒక్కొక్కటి ఎంచుకుని, మాట సాగేటప్పుడు స్థాయి తగ్గించడం, ఘట్టం ముగిసినప్పుడు పూర్తిగా ఆపడం ప్రయోజనకరం. సంగీతం మార్పు ఆటగాళ్ల నిర్ణయం తర్వాత రావాలి గాని ముందు కాదు.

మౌఖిక సాహిత్య పరిశోధనలో కథాపాఠాన్ని సేకరించినంత శ్రద్ధగా వాద్య సహకారాన్ని నమోదు చేయడం అవసరం. ఎక్కడ దరువు ఆగింది, ఎవరి మాటకు వాద్యం తలవంచింది అన్న వివరాలు లేకపోతే మన చేతికి దక్కేది కథ మాత్రమే, కథనం కాదు. ఆ వివరాలు కొత్త ఆటలకు కూడా పాఠాలు చెప్పగలవు. జముకు మీటే వంత చేతి నుంచి నేర్చుకోవలసింది ఎప్పుడు వాయించాలన్నది మాత్రమే కాదు. ఎవరి మాట కోసం ఆగాలన్నది కూడా.