ఓడ ఎక్కనన్న విశాఖ, ఓడ కట్టిన విశాఖ

పరపాలన ఒక జాతికి చేసే అపకారాలలో ధనాపహరణం ఒకటి. పోయిన ధనాన్ని మళ్లీ ఆర్జించుకొనవచ్చును. అంతకంటె గొప్ప అపకారం మరొకటి ఉన్నది. ‘ఇది మన చేత కాదు, వారికే చేతనగును’ అన్న భావం పాలితుల మనస్సులో నాటుకొనిపోవడం. అది తొలగడానికి తరాలు పట్టును. ఈ సత్యానికి విశాఖపట్టణం చరిత్రలో చక్కని నిదర్శనం ఉన్నది.

తెలుగుతీరానికి నౌకావిద్య కొత్తది కాదు. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కనిపించును. గోదావరి సముద్రాన్ని చేరుచోట, కోరంగిలో, దేశీయులైన వడ్రంగులు సముద్రయానానికి తగిన ఓడలను కట్టినారు. అట్టి తీరం 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వశమైనది.

1780లో మైసూరు హైదరాలీతో కంపెనీకి యుద్ధం వచ్చినది. విశాఖపట్టణంలోని ఉత్తర సర్కారుల సిపాయీలను ఓడలో మద్రాసుకు పంపదలచినారు. అక్టోబరు 3వ తేదీన వారు ఓడ ఎక్కబోమని తిరుగబడినారు. కొందరు ఆంగ్లేయులు మరణించినారు. సుబేదారు షేక్ మహమ్మదు ఆ తిరుగుబాటుకు నాయకుడు. అతనికి ప్రాణమే మూల్యమైనది. 1857ను కంఠస్థం చేసే మన విద్యార్థులకు, దానికి 77 సంవత్సరాల ముందు మన ఊరిలోనే జరిగిన ఈ సంఘటన తెలియకపోవడం విచారకరం.

ఆ సిపాయీలు తినే జీతం కంపెనీది, ఊరు మాత్రం తమది. ఆ సంకటంలోనుంచి వారి ధిక్కారం పుట్టినది. ‘మీ ఓడ ఎక్కము’ అనగలిగినారు. కాని ‘ఇదిగో మా ఓడ’ అని చూపడానికి వారివద్ద ఏమీ లేదు. నిరాకరణం సాహసమే గాని, దానితో ప్రతిఘటన పరిపూర్ణం కాదు.

తరువాత ఆవిరి ఓడల యుగం వచ్చినది. కొయ్య ఓడలు కట్టిన కోరంగి క్షీణించినది. సముద్రవాణిజ్యం ఆంగ్లేయ కంపెనీల గుత్త అయినది. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళె స్వదేశీ నౌకాసంస్థను స్థాపించగా, ఆంగ్లేయ సంస్థ టిక్కెట్ల ధరలు తగ్గించి దానిని దెబ్బతీసినది. 1908లో ప్రభుత్వం పిళ్ళెను చెరసాలకు పంపినది. ఓడ నడపడమే రాజద్రోహమనిపించిన రోజులవి. అయినను ఆ సంకల్పం చావలేదు. 1919లో సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ బొంబాయినుంచి లండనుకు బయలుదేరినది.

విశాఖ రేవును ఆంగ్లేయ ప్రభుత్వం కట్టించినది. మధ్యపరగణాల మాంగనీసు వంటి ఖనిజాలను రాయపూరు రైలుమార్గాన తెచ్చి విదేశాలకు పంపుట దాని ముఖ్యోద్దేశం. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనంగా ప్రారంభించినాడు. కాని ఆయన రాకకు ముందే, అక్టోబరు 7న, ఆ రేవులో ప్రవేశించిన తొలి సముద్రనౌక సింధియావారి ‘జలదుర్గ’. దొరలు తమ వ్యాపారానికి తెరచిన ద్వారంలో మొదట అడుగుపెట్టినది దేశీయుల ఓడ!

అదే రేవు చెంత 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినారు. వాల్‌చంద్ హీరాచంద్ దానికి సూత్రధారి. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినవి. పని కుంటువడినది గాని ఆగిపోలేదు. 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ సమక్షంలో 8,000 టన్నుల ‘జల ఉష’ నీటిలోకి జారినది. ఓడ ఎక్కనన్నందుకు శిక్షింపబడిన ఊరు, 168 సంవత్సరాలకు, తన చేతులతో ఓడను కట్టి సముద్రానికి సమర్పించినది.

ఈ ఆత్మవిశ్వాసం పరపాలనతో అంతరించలేదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం తెలుగునాట మారుమ్రోగినది. 32 మంది ప్రాణాలర్పించినారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి. వి. నరసింహారావు జాతికి అంకితం చేసినారు. ఈసారి ప్రజలు ప్రశ్నించినది పరప్రభుత్వాన్ని కాదు, స్వప్రభుత్వాన్నే. యాచనగా కాక హక్కుగా అడగడం వారికి అలవడినది.

పాఠశాలలో స్వాతంత్ర్యోద్యమాన్ని బోధించేటప్పుడు తుపాకులు, చెరసాలలు, సత్యాగ్రహాలు తప్పక చెప్పవలసినవే. వాటి సరసన నౌకాశాలలో ఇనుపరేకులు అతికిన శ్రామికునికి కూడ ఒక పుట కేటాయించుట న్యాయం. ‘మన చేత కాదు’ అన్న మాటకు అతడు తన పనితోనే సమాధానం చెప్పినాడు.