పునరుక్తి నిరాకరణ: ‘వైర్’ సంగీత బృంద ప్రస్థానం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

1976 ప్రాంతంలో ఇంగ్లండులో చెలరేగిన పంక్ సంగీతోద్యమం, శాస్త్రీయ శిక్షణ లేనివారు కూడా బృందం కట్టి పాడవచ్చునని చాటింది. అయితే రెండు మూడేళ్లలోనే ఆ తిరుగుబాటు కూడా ఒక మూసగా మారింది. పంక్ ఇచ్చిన స్వేచ్ఛను నూతన రూపాన్వేషణకు వినియోగించిన ధోరణికి ‘పోస్ట్-పంక్’ అనే పేరు స్థిరపడింది. ఈ ధోరణికి చెందిన బృందాలలో లండన్‌కు చెందిన ‘వైర్’ విలక్షణమైనది. పెద్దగా వాణిజ్య విజయం సాధించని ఈ బృందం తరవాతి తరాలను ఎలా ప్రభావితం చేయగలిగిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తొలిదశ: సంక్షిప్తత

1976లో ఏర్పడిన ఈ బృందంలో కాలిన్ న్యూమన్, గ్రాహమ్ లూయిస్, బ్రూస్ గిల్బర్ట్, రాబర్ట్ గోటోబెడ్ ప్రధాన సభ్యులు. 1977లో వెలువడిన తొలి ఆల్బమ్ ‘పింక్ ఫ్లాగ్’లో సుమారు 35 నిమిషాల వ్యవధిలో 21 పాటలున్నాయి. వాటిలో కొన్ని నిమిషమైనా సాగవు. పల్లవికి మళ్లీ మళ్లీ రావాలన్న జనరంజక గీత నియమాన్ని వీరు పాటించలేదు. చెప్పవలసిన మాట పూర్తికాగానే పాటను ఆపివేశారు. ఈ క్లుప్తతకు కారణం అసమర్థత కాదు, నిర్మాణపరమైన ఎంపిక.

ఈ పద్ధతికి ఆదరణ లభించినా, వీరు దానినే కొనసాగించలేదు. 1978లో వచ్చిన ‘చెయిర్స్ మిస్సింగ్’లో నిర్మాత మైక్ థోర్న్ సహకారంతో సింథసైజర్ ధ్వనులు ప్రవేశించాయి; పాటల నడక మందగించి, వాతావరణ చిత్రణకు ప్రాధాన్యం పెరిగింది. అందులోని ‘అవుట్‌డోర్ మైనర్’ నిడివి రెండు నిమిషాల లోపే. దానిని విడిగా విడుదల చేసేటప్పుడు పియానో భాగం చేర్చి పొడిగించారు. ఆ రూపం బ్రిటిష్ జాబితాలో 51వ స్థానం వరకు వెళ్లింది. క్లుప్తతను నమ్మిన బృందానికీ, విపణి కోరే నిడివికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఈ ఉదాహరణ స్పష్టపరుస్తుంది. 1979 నాటి మూడవ ఆల్బమ్‌కు, అప్పటివరకు ఇచ్చిన ప్రదర్శనల సంఖ్య అయిన ‘154’నే శీర్షికగా ఉంచడం వీరి చమత్కార ధోరణికి నిదర్శనం.

3. విరామం, పునరాగమనం

1980 ఫిబ్రవరిలో లండన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో ఇచ్చిన ప్రదర్శనలో పరిచిత గీతాలకు బదులు కొత్త పాటలు, విచిత్ర నాటకీయ దృశ్యాలు చోటుచేసుకున్నాయి. ప్రేక్షకులలో పలువురు అసహనం వ్యక్తం చేశారు. ఆ తరవాత బృందం విరామం తీసుకుంది. 1985లో తిరిగి కలిసిన సభ్యులు పాత పాటలు పాడకూడదని నిశ్చయించుకున్నారు. 1987 అమెరికా పర్యటనలో ‘పింక్ ఫ్లాగ్’ పాటలను వినిపించే బాధ్యతను ‘ఎక్స్-లయన్ టేమర్స్’ అనే అనుకరణ బృందానికి అప్పగించి, తాము కొత్త రచనలకే పరిమితమయ్యారు.

ఈ నిరాకరణకు మూల్యం లేకపోలేదు. యంత్రలయల వాడకం పెరిగి డ్రమ్ముల పాత్ర కుంచించుకుపోవడంతో 1990లో గోటోబెడ్ వైదొలగాడు. మిగిలిన ముగ్గురు తమ ఆంగ్ల నామంలోని చివరి అక్షరాన్ని తొలగించి, 1991లో ‘ది ఫస్ట్ లెటర్’ వెలువరించారు. ఒక సభ్యుని లోటును పేరులోనే నమోదు చేయడం గమనార్హం.

4. ప్రభావం

అమెరికాలో మైనర్ థ్రెట్ బృందం వీరి ‘12ఎక్స్‌యు’ను, ఆర్.ఇ.ఎమ్. బృందం 1987లో ‘స్ట్రేంజ్’ను తిరిగి పాడాయి. 1994లో వచ్చిన ఎలాస్టికా బృందపు ‘కనెక్షన్’కూ, వైర్ పాట ‘త్రీ గర్ల్ రుంబా’కూ ఉన్న పోలికపై తలెత్తిన వివాదం న్యాయస్థానం వెలుపల పరిష్కారమైంది. వైర్ తాను వదిలి ముందుకు సాగిన రూపాలను ఇతరులు స్వీకరించి తమ రచనలకు పునాదిగా చేసుకున్నారు.

5. ముగింపు

వైర్ పునరుక్తిని పూర్తిగా తిరస్కరించిందనడం సమంజసం కాదు. 1991 నాటి ‘ది డ్రిల్’ ఆల్బమ్ మొత్తం ఒకే పాట రూపాంతరాలతో కూడినది. అలంకారశాస్త్రం పునరుక్తిని దోషంగా పరిగణిస్తూనే, తాత్పర్యభేదం గల ఆవృత్తిని లాటానుప్రాసగా ఆదరించింది. వైర్ పాటించినది కూడా ఇటువంటి వివక్షనే. అలవాటుగా వచ్చే ఆవృత్తిని విడిచి, ప్రయోజనం గల ఆవృత్తిని గ్రహించింది. 2000లో నలుగురూ తిరిగి కలిసి పాత పాటలను వేదికపై వినిపించడాన్నీ, 2020లో ‘మైండ్ హైవ్’ వంటి కొత్త ఆల్బమ్‌ను వెలువరించడాన్నీ ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలి. కాబట్టి జనరంజక సంగీత చరిత్రలో ఒక బృందం స్థానాన్ని నిర్ణయించేటప్పుడు అమ్మకాల సంఖ్యతోపాటు, అది ఇతరుల రచనకు ఎన్ని కొత్త మార్గాలు చూపిందో కూడా పరిశీలించడం అవసరం.